ఊదు వెయ్యని బేస్తవారం

కుప్పం నుంచి వచ్చే మదనపల్లె బస్సు పుంగనూరు బస్టాండులో ఇంకా పూర్తిగా నిలవకముందే ఈశ్వరప్ప సారు తన తువ్వాలను కిటికీలోంచి లోపలికి విసిరి మూడో సీటును జయించాడు. జయించానని అనుకున్నాడు. తలుపు దగ్గర తొక్కిసలాటలో ఒక చెప్పు పోగొట్టుకోబోయి దక్కించుకుని, కుప్పంలో ఎక్కినవాళ్ళ తమిళమూ కన్నడమూ కలిసిన తిట్లను రెండు భుజాల మీదా మోసుకుంటూ లోపలికి వెళ్ళి చూస్తే, తువ్వాల మీద ఒక స్టీలు క్యారియరు కూర్చుని ఉంది. అదే కిటికీలోంచి ఇంకెవరో చెయ్యి చాపి పెట్టారు. తువ్వాలది హక్కా, క్యారియరుది హక్కా? కిందుండేదే ముందు వచ్చినట్టు, అది తర్కం. పైనుండేదే గెలిచినట్టు, అది చరిత్ర. ఇరవై ఎనిమిదేళ్ళుగా హైస్కూల్లో తెలుగు చెబుతున్న నోరు అప్పటికే యుద్ధానికి తయారైపోయింది. రణానికి కారణం వెతకొద్దురా, కారణంలోనే రణం ఉండాది అని పదో తరగతి పిల్లలను ఏటా నవ్వించే మాట నాలిక చివరకొచ్చి నిలబడింది. అంతలో జనంలోంచి క్యారియరు మనిషి వచ్చింది. మైమూన్ బీ.

"రా సారూ, కూసో. ఇద్దురికీ సరిపోతాది," అంది.

ఈ బస్సులో యాభై మంది ఉంటారు. మిగిలిన నలభై ఎనిమిది మందిలో ఎవరి పక్కన కూర్చోవడానికైనా ఆయనకు అభ్యంతరం లేదు. కూర్చున్నాడు. క్యారియరు ఇద్దరి మధ్యా సరిహద్దులాగా కూర్చుంది. ఆడవాళ్ళకు టికెట్టు లేదు గనుక కండక్టరు ఆమెకు సున్నా కొట్టి, ఈయనకు మాత్రం చిల్లర లేదని దబాయించి, ఇద్దరూ మదనపల్లెకేనా అన్నాడు. మదనపల్లెకే. ఒకే ఆఫీసుకి, ఒకే గదికి, మూడు గంటలకి. ఆ గదిలో ఇవాళ జరిగేదాని పేరు శాంతి కమిటీ. శాంతి తక్కువ, కమిటీ ఎక్కువ అని ఇంకో రోజైతే అనేవాడు, పక్కనున్నవాళ్ళు నవ్వేవాళ్ళు, తానూ నవ్వేవాడు. ఊళ్ళో రాళ్ళు పడి ఆరు రోజులైంది. ఒక పక్క పట్టుపురుగుల దాసప్ప, ఇంకో పక్క పీర్ల చావడి చూసుకునే ఈ మైమూన్ బీ, మధ్యన ఈశ్వరప్ప, ఏ పక్కా కానివాడు, నలుగుర్నీ నవ్వించేవాడు, చదువుకున్నవాడు, కాబట్టి ఆయన చెప్పిందే రాసుకుంటామని రెండు పక్కలా ఒప్పుకున్నారు. ఒప్పుకుని ఒక కాగితం టైపు కొట్టించి పంపించారు కూడా. అది సంచిలో ఉంది. 'మతపరమైన మనస్పర్థల కారణంగా' అని మొదలవుతుంది. చావడికి బీగం వేస్తే ఇకమీదట గొడవలుండవు అని ముగుస్తుంది. అడుగున ఆయన సంతకానికి చోటు. చుక్కల గీత, చీమల బారులాగా.

మతమేనా? అడిగింది తానే. సోమవారం నాడు హెడ్మాస్టరు, పిల్లలకు ఏదైనా మంచి అంశం ఇచ్చి రాయించండి సార్, ఊరు ఇట్లుంది గదా అంటే, ఆకాశంలోంచి ఊడిపడినవాడిలాగా బోర్డు మీద 'యుద్ధాలకు అసలు కారణం మతమేనా?' అని రాసి, కింద రెండు గీతలు కూడా గీసి, కుర్చీలో కూర్చుని కిటికీ బయటికి చూశాడు. నలభై రెండు కాగితాలు ఇప్పుడు సంచిలో ఆ సంతకం కాగితాన్ని ఆనుకుని ఉన్నాయి. అవునన్నవాళ్ళు పంతొమ్మిది మంది, కాదన్నవాళ్ళు ఇరవై ఇద్దరు, ఒక్కటి ఎటూ కాదు. అవునన్నవాళ్ళు గైడులో ఉండే రాజుల పేర్లు రాశారు. కాదన్నవాళ్ళు భూమి, నీళ్ళు, నూనె అని రాశారు, నూనె అన్నవాడు పెట్రోలు దగ్గర బయల్దేరి వంటింటికి పోయాడు. రెండు పక్షాలకీ ఏడేసి మార్కులే వేశాడు. తెలుగు మాస్టరు అక్షరదోషానికి మార్కు తీయగలడు, అభిప్రాయదోషానికి ఎట్లా తీస్తాడు. అసలు మతమంటేనే అభిప్రాయమని కదా నిఘంటువు మొదట చెప్పేది, నా మతమేమంటే అని పాతవాళ్ళు మొదలుపెట్టేవాళ్ళు, మరి సమ్మతంలోనూ మతముంది, మతలబులోనూ మతముంది, ఈ రెంటిలో ఏది దాని సొంత ఇల్లో, ఏది అద్దె కొంపో... బస్సు గుంతలో పడి లేచింది. క్యారియరులోంచి పుదీనా వాసన వచ్చింది. పలావు అయ్యుంటుంది. సబ్‌జైల్లో ఉన్న కొడుక్కి. షకీల్ ఆటో నడుపుతాడు, స్కూలు పిల్లలను ఎక్కించుకుని వస్తూ రోజూ పొద్దున నమస్తే సార్ అని హారను కొడతాడు. ఆరు రోజులుగా ఆ హారను లేదు. పిల్లలు నడిచి, ఆలస్యంగా వస్తున్నారు.

మొదటి ఉద్యోగం కుప్పంలో. అక్కడి టీ అంగడి ముందు ఒకే బెంచీ మీద మూడు రాష్ట్రాలు కూర్చునేవి. ఒకనాడు ఏ భాష సినిమా గొప్పదో తేలక గ్లాసులు విసురుకున్నారు, ఒకాయనకు కనుబొమ్మ మీద నాలుగు కుట్లు పడ్డాయి. విసిరినవాడూ కుట్లు పడినవాడూ సాయంత్రం ఒకే గుడి మెట్ల మీద కూర్చున్నారు. అక్కడ మతం కాదు గదా. భాష. భాషేనా? కుట్లు పడినాయన తమ్ముడికి విసిరినాయన చెల్లెల్ని ఇవ్వలేదని తరవాత తెలిసింది. అయితే పెళ్ళి. సరే, భార్య సుమలతది రామకుప్పం, మామగారి రాగిచేను అడవి పక్కన. ఏనుగులు తొక్కి పోతే తెల్లవారి చూసి ఆయన చేతికందిన టపాకాయలన్నీ కాల్చి, నోటికందిన బూతులన్నీ తిట్టి, వారం తిరక్కముందే చవితికి అదే తొండానికి ఉండ్రాళ్ళు పెట్టాడు. మామా, యుద్ధం ప్రకటించినోడికి నైవేద్యమా అంటే, అది యానిగప్పా, ఈన సామి అన్నాడు. యుద్ధమూ ఉంది, భక్తీ ఉంది, రెండూ ఒకే పెరట్లో ఉండి ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు. మామకు అంత తేటగా తెలిసింది, తనకు ఎందుకు తెలియడం లేదు. ఇక్కడ చచ్చింది పురుగులు. పగిలింది చావడి. విరిగింది దాసప్ప చెయ్యి. ఈ మూడింటికీ మధ్య దారం ఎక్కడుందో, పట్టుపురుగు అయినా చెప్పగలదేమో గానీ పట్టభద్రుడు చెప్పలేకపోతున్నాడు.

దాసప్ప షెడ్డుకీ చావడికీ మధ్య పాతిక అడుగులు. దాసప్ప తండ్రి పేరు ఫకీరప్ప, పీర్లకు మొక్కుకుంటే పుట్టాడని పెట్టిన పేరు, మొహర్రానికి పెద్ద పీరును ఎత్తుకునే హక్కు ఇప్పటికీ ఆ ఇంటిదే. పురుగులను సాకేవాళ్ళకు ఒక మడి ఉంటుంది, అది ఏ శాస్త్రంలోనూ లేదు. పురుగు నాలుగుసార్లు తిండి మానేసి, కదలకుండా పడుకుని, పాత చర్మం విడుస్తుంది, దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు ఆకలి తప్ప ఇంకేమీ తెలియదు వాటికి, అప్పుడు వాసన పడితే పోతాయి. ఆ వారం దాసప్ప పెళ్ళాం చౌడమ్మ ఇంట్లో తిరగమోత వెయ్యదు. దాసప్ప బీడీ మానేస్తాడు. మైమూన్ బీ బేస్తవారం బేస్తవారం పీర్ల ముందు ఊదు వేసేది, వేసేముందు గోడ మీదుగా ఒక మాట అడిగేది, ఏ జ్వరంలో ఉండాయప్పా అని. నాలుగోది లేసినాయమ్మా అంటే ఊదు డబ్బా మూత పెట్టేసి, మల్లెపూలు పెట్టి ఊరుకునేది. పీర్లకు కూడా పథ్యమేనా బూబమ్మా అని తాను ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో. మా పురుగులే గదా సారూ అవి అనేది ఆమె. ఇంకో ఆచారం ఉంది, అది మైమూన్ బీది కాదు, టమోటా పెట్టినవాళ్ళది. మందు కొట్టాలంటే పక్కన మల్బరీ ఉన్నవాడికి ముందు చెప్పాలి. ముందు చెప్పకుండా మందు కొట్టకూడదు. చెబితే వాడు ఆకు ముందే కోసి దాచుకుంటాడు. వాడి పురుగులు నాలుగో జ్వరం లేచి ఉంటే, అంత ఆకు దాచలేడు గనుక, నాలుగు రోజులు ఆగప్పా అంటాడు. ఆగాలి. అంతే. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పలేదు.

"సారూ," అంది మైమూన్ బీ, కిటికీ బయటికి చూస్తూనే. "నేనొకటి అనుకున్నా. ఊదు నేనే ఏసినానని చెప్పేస్తా."

ఈశ్వరప్ప సంచిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"ముసల్దాన్ని, మరిసిపోయి ఏసినా అంటే ఎవురేమంటారు. చావడికి బీగమేసుకుంటారు, ఏసుకోనీ. దాసప్ప కేసు ఎనక్కి తీసుకుంటాడంట. షకీల్ ఇంటికొస్తాడు గదా."

"ఏసినావా మరి?" అన్నాడు. అడిగిన నోరు తనదేనా అని ఆయనకు అనుమానం వచ్చింది.

"లేదనే అనుకుంటాండా. అందురూ ఏసినావు ఏసినావంటాంటే నాకే తెలీకుండా పోతాండాది సారూ. ఆ తెల్లారి చేతులు వాసన సూసుకున్నా."

చేతులు వాసన చూసుకుంది. ఆయన తన చేతులను తొడల కింద పెట్టుకున్నాడు, అల్లరి పిల్లవాడు బెంచీ మీద పెట్టుకున్నట్టు. శుక్రవారం పొద్దున చౌడమ్మ అరుపు మొదట వినిపించింది, ఆ తరవాత ఊరు వినిపించింది. షెడ్డులో పురుగులు తలలు పైకెత్తి, అటూ ఇటూ ఊపి, పచ్చటి రసం కక్కి, ముడుచుకుపోయాయి. తట్టలన్నీ. దాసప్ప ఏడవలేదు, ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని ఊరికే చూస్తున్నాడు. నిన్న బేస్తవారం గదా, ఆమె ఊదు ఏసింటాది అని ఎవరో అన్నారు. ఎవరు? వెతికితే దొరకరు, జనం వెనక నుంచి వచ్చింది ఆ మాట. ముందువరసకు వచ్చేసరికి 'ఆమె ఏసింటాది' కాస్తా 'వాళ్ళేసినారు' అయింది. ఒక మనిషి బహువచనం కావడానికి వ్యాకరణంలో అయితే ఒక ప్రత్యయం పట్టాలి, వీధిలో పది అడుగులు చాలు. బెంగళూరు నుంచి సెలవు మీద వచ్చిన దాసప్ప కొడుకు ధనుంజయ, ఫకీరప్ప మనవడు, చిన్నప్పుడు ఆ చావడి అరుగు మీదే ఎక్కాలు బట్టీపట్టినవాడు, రాయి ఎత్తాడు. చావడి రేకులు మోగాయి. షకీల్ పరుగున వచ్చాడు, ధనుంజయను తోయబోతే దాసప్ప అడ్డం వచ్చాడు, పడ్డాడు, చెయ్యి విరిగింది. మొత్తం కలిపి ఒక టీ తాగేంత సేపు. ఆ టీ తాగేంత సేపూ ఈశ్వరప్ప సారు వేపపుల్ల నోట్లో పెట్టుకుని తన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఊదు అన్న మాట వినగానే గుండెల మీదినుంచి బండ దిగినట్టు ఊపిరి వదిలాడు. వదిలాడు. అది ఆయనకు గుర్తుంది. భయం కాదు, కోపం కాదు, హాయి. వాళ్ళు రాయి ఎత్తకముందు ఆయనకు కలిగింది హాయి.

ఎటూ కాని ఆ ఒక్క కాగితం ఉజ్మాది. షకీల్ కూతురు, మైమూన్ బీ మనవరాలు, మూడో బెంచీ. గుండ్రటి అక్షరాలు. నిబంధన ప్రకారం పరిచయమూ ఉపసంహారమూ ఉండాలి, రెండూ లేవు. మా నాయన తోసినప్పుడు అల్లాను తలుచుకోలేదు, ధనుంజయ అన్న రాయి వేసినప్పుడు దేవుణ్ణి తలుచుకోలేదు, ఆ సాయంత్రం మాత్రం ఇద్దరి ఇళ్ళలోనూ బాగా తలుచుకున్నారు, అందుకని నాకు జవాబు తెలియలేదు సార్ అని రాసింది. ఆ కాగితానికి ఆయన ఇంకా మార్కులు వెయ్యలేదు. ఎర్ర పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, సిరా ఆరిపోయింది. కారణం ముందా, దేవుడు ముందా. తువ్వాల ముందా, క్యారియరు ముందా. సరే, మతం కాదు, నిరపరాధి అని వదిలేద్దామంటే, ఒక్క ప్రశ్న జేబులో రాయిలాగా గుచ్చుకుంటోంది. ధనుంజయ చేతిలోని రాయికి చావడి దారి ఎట్లా తెలిసింది? దాసప్ప షెడ్డు చుట్టూ నాలుగు చేన్లున్నాయి, మూడింటిలో టమోటా ఉంది, పురుగులు కక్కిన పచ్చరసం చూస్తే పట్టు గురించి తెలిసిన ఎవడైనా మందు అంటాడు, దాసప్పకు తెలియదా, ఇరవై ఏళ్ళుగా సాకుతున్నాడు. అయినా ఒక్కరూ చేన్ల వైపు తిరిగి చూడలేదు. దారి ముందే వేసి ఉంది, ఎవరో ఎప్పుడో వేసిపెట్టారు, ఫోన్లలోనో, పండగ ఊరేగింపుల్లోనో, తాను కూడా ఎన్నోసార్లు నవ్వులాటకు అన్న మాటల్లోనో, రాయి దొర్లడమే తరువాయి. అంటే మతం కారణం కాదు, కాలువ. అట్లా అనొచ్చా. నీళ్ళు వదిలింది మాత్రం ఎవరు. ఇంతకీ ఆ తేడాతో చావడికేమి, బీగం బీగమే గదా.

నీళ్ళు వదిలింది ఎవరో ఆయనకు తెలుసు. బస్సు ఎక్కినప్పటి నుంచీ, ఆరు రోజుల నుంచీ, అన్ని యుద్ధాలూ తిరిగి వచ్చి ఆగుతున్నది ఆ బేస్తవారం సాయంత్రం దగ్గరే. స్కూలు వదిలాక అంగీ మార్చుకుని, బ్యాటరీ పంపు వీపుకు తగిలించుకుని దాసప్ప మల్బరీ పక్కనున్న తన చేనులో నిలబడ్డాడు. టమోటా ఆకు ముడుచుకుంటోంది, మార్కెట్ యార్డులో ధర ఎక్కి కూర్చుంది, నాలుగు రోజులు ఆగితే ఆకూ ఉండదు, ధరా ఉండదు. గాలి ఎటుందో చూడాలి. ఆయన గాలిని ఆకుల్లో చూడడు, ఎన్నో ఏళ్ళుగా అలవాటు, బేస్తవారమైతే చావడి వైపు చూస్తాడు, ఊదు పొగ ఎటు వంగితే గాలి అటు. చూశాడు. పొగ లేదు. దీపం కనిపించింది, పూలు పెడుతున్న ముసలి చెయ్యి కనిపించింది, పొగ లేదు. పొగ లేదంటే దాసప్ప పురుగులు నాలుగో జ్వరం లేచాయన్న మాట. అది ఆయనకు క్షణంలో తెలిసింది, చదివినట్టు తెలిసింది. పోయి చెప్పాలి. చెబితే ఆగమంటాడు. చెప్పకపోతే ఆగమనడు. గాలి మనవైపే ఉందిలే అనుకుని పంపు నొక్కాడు. గాలి మనవైపు లేదు.

ఎంత మాటకారి ఆయన. ఏ మాటనైనా విరిచి రెండు చేసి, రెండింటినీ నాలుగు చేసి ఊరంతా పంచినవాడు. ఆరు రోజులుగా ఒక్క మాట, విరవడానికి కుదరని మాట, పంచకుండా లోపలే ఉంది. చెబితే దాసప్ప ఏమంటాడు. చౌడమ్మ. స్టాఫ్ రూము. చెప్పకపోతే ఎవరూ ఏమీ అనరు, కాగితంలో తన పేరు లేదు, మతం పేరుంది, మతం వచ్చి సంజాయిషీ అడగదు. ఎంత మంచి ముద్దాయి. హార్స్‌లీ హిల్స్ ఎడంగా మబ్బు కప్పుకుని కనిపించింది. టమోటా ట్రేలు పేర్చిన లారీలు ఎదురొస్తున్నాయి. పక్కన ఈమె ఇంకో అరగంటలో, వెయ్యని ఊదు వేశానని చెప్పబోతోంది.

"బూబమ్మా, నువ్వు ఊదు ఎయ్యలేదు."

మైమూన్ బీ ఇటు తిరిగింది. "నీకెట్ల తెలుసు సారూ?"

"ఆ పొద్దు నీ చావడి పక్క సూసినా. పొగ లేదు. గాలి యాపక్క ఉండాదో సూసుకుందామని సూసినా."

ఆమె మొహం ఒక్కసారిగా వెలిగింది, తన చేతుల మీద తనకు నమ్మకం తిరిగి వచ్చిన మొహం. రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది కూడా. ఆ తరవాత ఆ వెలుగు నెమ్మదిగా ఎక్కడికో పోయింది. బస్సు టౌనులోకి తిరుగుతోంది, నిలబడినవాళ్ళంతా ఒక పక్కకు ఒరిగారు.

"గాలి నీకు యాల సారూ?" అంది.

ఆయన కిటికీలోకి చూశాడు. కిటికీ పక్కన ఉన్నది ఆమే.

"మందు కొట్టేదానికి."

"దాసప్పకు చెప్పి కొట్టినావా?"

"లేదు."

తిడుతుందని ఎదురుచూశాడు, శాపం పెడుతుందని, అల్లా చూస్తాడని, కనీసం ఛీ అంటుందని. ఏదో ఒకటి అంటే దానికి బదులు ఒక మాట ఉండేది. ఆమె మధ్యలో ఉన్న క్యారియరును తీసి ఒళ్ళో పెట్టుకుంది, అంతే. బస్టాండులో దిగాక ఆయన ముందు నడిచాడు, ఆమె వెనక, కొంచెం దూరంలో. జైలు దారి, ఆఫీసు దారి చీలే చోట ఆమె ఆగుతుందేమోనని తిరిగి చూశాడు. ఆగలేదు, ఆయన వెంటే వచ్చింది. నమ్మకమా, కాపలానా, ఆయనకు తేలలేదు.

గది నిండా జనం. ఒక పక్క దాసప్ప వాళ్ళు, ఇంకో పక్క చావడి వాళ్ళు, ముందు బల్ల, బల్ల వెనక ఆఫీసరు ఇంకా రాని కుర్చీ. రెండు పక్కలకూ సరిగ్గా మధ్యన ఒక ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద పరిచిన తువ్వాల. మెడకు కట్టుతో చెయ్యి వేలాడేసుకున్న దాసప్ప ఈయన్ని చూసి లేచి, బాగున్న చేత్తో ఆ తువ్వాల తీశాడు.

"రా అప్పా, ఈడ కూసో. నీకనే పెట్టినా, ఎవురో ఒగురు కూసోను వస్తానే ఉండారు. పొద్దట్నుంచి కాసుకోనుండా."

ఈశ్వరప్ప కూర్చోలేదు. సంచి భుజాన ఉంది, అందులో నలభై రెండు కాగితాలున్నాయి, ఒక సంతకం చోటుంది. గుమ్మంలో మైమూన్ బీ క్యారియరు పట్టుకుని నిలబడి ఉంది. అందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు, ఏదో నవ్వించే మాటతో మొదలుపెడతాడని కొందరు అప్పుడే మొహాలు సడలించారు.

"దాసప్పా, బేస్తవారం సాయంత్రం నేను మందు కొట్టినా. నీకు చెప్పలా."

దాసప్ప తువ్వాలను చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. వెనక ధనుంజయ లేవబోయాడు. దాసప్ప వాడి వైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు. అర్థం కాని లెక్కను మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకునే పిల్లవాడిలాగా, చాలా మెల్లగా అడిగాడు.

"అవి నాలుగో జ్వరం లేసినాయి గదప్పా."

"తెలుసు," అన్నాడు ఈశ్వరప్ప.